‘12 రెట్లు తక్కువ’ అనవచ్చా?

సందేహం: రేడియో రిమోట్‌తో నడిచే 1:10 (అసలు కారులో పదో వంతు) బొమ్మకారు వేగాన్ని లెక్కగట్టే పద్ధతి పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘మోటారు 3,500 కేవీ. దాని వేగం 25,900 పరిభ్రమణాలు. చక్రం అంతకు 12.31 రెట్లు తక్కువ వేగంతో తిరుగుతుంది. కారు గంటలో 43.6 కిలోమీటర్లు వెళ్తుంది’ అని రాశాను. ‘రెట్లు తక్కువ’ తప్పని ఒకరన్నారు. నిజమేనా? మిగతాదంతా సరిగానే ఉందా? (బ్యాటరీ 7.4 వోల్టులు, మోటారు ఇరుసుకుండే చిన్న గేరు పినియన్‌కు 19 పళ్లు, అది తిప్పే పెద్ద గేరు స్పర్‌కు 86, లోపలి గేరుబాక్సు నిష్పత్తి 2.72, టైరు వ్యాసం 110 మి.మీ.)

సమాధానం: నిజమే. రెట్టు అంటే హెచ్చవేత. ఒక రెట్టు తగ్గిస్తేనే మిగిలేది సున్నా. ఇక పన్నెండు రెట్లు తగ్గించడం ఎలా? మాటల్లో దొర్లితే పట్టించుకోనక్కర్లేదు, వినేవాళ్లు అర్థం చేసుకుంటారు. లెక్కలో మాత్రం హెచ్చవేయాలో భాగించాలో పిల్లవాడికి తేలదు. తగ్గుదలకు తెలుగులో ‘వంతు’ ఉంది: సగం, మూడో వంతు, పన్నెండో వంతు. పదహారో వంతుకైతే వీసమని పేరే ఉంది. కానీ ‘12.31వ వంతు’ నోరు తిరగని మాట. అందుకని ఇలా రాయండి: ‘మోటారు 12.31 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.’ ఏది ఎక్కువ తిరుగుతుందో, దేన్ని దేనితో భాగించాలో ఆ ‘తిరిగితే’లోనే తెలిసిపోతుంది.

గేర్లకూ ఇదే వాక్యం వాడండి. ‘పినియన్, స్పర్‌ల నిష్పత్తి 86:19’ అని రాస్తే పళ్ల నిష్పత్తో చుట్ల నిష్పత్తో తెలియదు. పళ్లు తక్కువున్న గేరే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ‘పినియన్ 86 చుట్లు తిరిగితే స్పర్ 19 చుట్లు తిరుగుతుంది’ అంటే తికమక ఉండదు. 86ను 19తో భాగిస్తే 4.526, దాన్ని 2.72తో హెచ్చవేస్తే మీ 12.31. ఎవరికైనా జవాబు గంటకు 118 కి.మీ. దాటిందంటే ఆ 2.72ను మరిచిపోయారన్నమాట. 87 వచ్చిందంటే వ్యాసాన్నే వ్యాసార్థంగా తీసుకున్నారు.

ఇక ‘పరిభ్రమణం’. తన ఇరుసు మీద తాను తిరగడం భ్రమణం, మరొకదాని చుట్టూ తిరగడం పరిభ్రమణం. భూమికి రెండూ ఉన్నాయి; మీ మోటారుకు మొదటిదే. ‘చుట్లు’ అంటే ఇంకా హాయి. ‘నిమిషానికి’ అన్న మాట వదిలేశారు, అది తప్పనిసరి. ‘వేగం’ కూడా కారుకే ఉంచండి; ఒకే మాట ఒకచోట చుట్లకూ మరోచోట కిలోమీటర్లకూ వాడితే ప్రమాణాలు కలిసిపోతాయి. పాఠ్యపుస్తకాల్లో దిక్కుతో పనిలేనిది ‘వడి’, దిక్కుతో కూడినది ‘వేగం’. పిల్లలు పరీక్షకు చదువుకునేవాళ్లయితే ‘వడి’ వాడండి. (నూలుకు పెట్టే మెలికనూ వడి అంటాం. తిరగడంతో దానికీ చుట్టరికం ఉన్నట్టే!)

‘3,500 కేవీ’ మీరు అనుకున్నదానికన్నా పెద్ద చిక్కు. తెలుగులో కేవీ అనగానే సబ్‌స్టేషను గుర్తొస్తుంది, 33 కేవీ అంటే 33 వేల వోల్టులు. మోటారు మీది కేవీకి అర్థం వేరు: భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లన్నది. ‘వోల్టుకు 3,500 చుట్ల మోటారు’ అని విప్పి రాయండి. 7.4తో హెచ్చవేస్తే 25,900. దాన్ని 12.31తో భాగిస్తే చక్రానికి నిమిషానికి సుమారు 2,104 చుట్లు. టైరు చుట్టుకొలత 0.3456 మీటర్లు కాబట్టి నిమిషానికి 727 మీటర్లు. 60తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 43.6.

‘గంటలో’ కాదు, ‘గంటకు’. ‘గంటలో 43.6 కిలోమీటర్లు’ అంటే గంటసేపు నడిచి అంత దూరం వెళ్లిందని అర్థం. ఆ చిన్న బ్యాటరీ అంతసేపు ఆ జోరున లాగదు. ‘గంటకు’ అన్నది రేటు మాత్రమే. ‘వెళ్తుంది’ అన్న నిశ్చయార్థమూ వద్దు, ‘లెక్క ప్రకారం’ అని చేర్చండి. భారం పడగానే చుట్లు తగ్గుతాయి, వోల్టేజీ కుంగుతుంది. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ 8.4 వోల్టులిస్తుంది, అప్పుడు ఇదే లెక్క 49.5 చూపిస్తుంది. అంచేత ఏ వోల్టేజీకి కట్టారో పక్కనే రాయాలి.

టైరు కొలతకు స్కేలు పెట్టి వ్యాసం చూడమని రాయకండి. కారు బరువుకు టైరు కాస్త అణుగుతుంది. టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత మళ్లీ నేలను తాకేదాకా కారును తిన్నగా తోసి, ఆ దూరాన్ని కొలవమనండి. మంచి వేగంలో మెత్తటి టైరు ఉబ్బుతుంది కాబట్టి అదీ ఉజ్జాయింపే.

టాకోమీటరుతో (చక్రానికి అంటించిన మెరుపు స్టిక్కరును చూసి చుట్లు లెక్కపెట్టే మీటరు) సరిచూడమని రాస్తే ‘చక్రం చుట్లు’ అని ఏకవచనంతో సరిపెట్టకండి. కారును పైకెత్తి నడిపినప్పుడు డిఫరెన్షియల్ (ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలనూ వేర్వేరు జోరుతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల ఒక చక్రం నెమ్మదిస్తే రెండోది అంతమేర జోరందుకుంటుంది. ఒకటి పూర్తిగా ఆగితే మరొకటి రెట్టింపు తిరుగుతుంది. ‘ఒకే ఇరుసుకున్న రెండు చక్రాల చుట్లూ కూడి సగం చేయండి’ అని రాయాలి. మెరుపు స్టిక్కరు ఒక్కో చక్రానికి ఒక్కటే అంటించాలి. రెండంటిస్తే మీటరు ప్రతి చుట్టునూ రెండుగా లెక్కపెడుతుంది.