బెంజి సర్కిల్ హారన్ల మోతతో దీపం వెలుగుతుందా?

విజయవాడ బెంజి సర్కిల్‌లో రోజంతా మోగే హారన్ల శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి వీధి దీపాలు వెలిగించలేమా అన్నది ప్రశ్న. మార్చడం సాధ్యమే; పెళ్లి పందిట్లో పురోహితుల ముందుండే మైకు చేసే పని అదే. సాధారణంగా ఆ మైకు జాలీ వెనుక పలుచని పొర ఒకటి ఉంటుంది. మాట తాకిడికి అది కంపించగా, దానికి అతికించిన సన్నని తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో ముందుకూ వెనక్కూ కదిలి, 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ప్రకారం, కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కినా విద్యుదావేశం వస్తుందని క్యూరీ సోదరులు 1880లో చూపారు; ఆ పద్ధతీ ఇక్కడ పనికొస్తుంది.

చిక్కంతా పరిమాణంలోనే ఉంది. చెవులు గింగురుమనిపించే 90 డెసిబెల్ల మోతలో సైతం చదరపు మీటరుకు అందేది సుమారు ఒక మిల్లీవాట్ మాత్రమే. అంటే, రవ్వంత నష్టం లేకుండా మొత్తం మార్చగలిగినా (అది జరిగే పని కాదు), ఒక్క వాట్ బుల్లి బల్బుకు 1000 చదరపు మీటర్ల, అనగా దాదాపు పావు ఎకరం వైశాల్యమున్న పలక కావాలి. అదే పలక మీద బెజవాడ మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు కుమ్మరిస్తుంది. అందుకే శబ్దం నుంచి వచ్చే కరెంటును సంకేతంగానే వాడుకుంటారు, దీపాలకు సౌర ఫలకాలు పెడతారు.