వేసవి సెలవుల్లో 60 మంది పిల్లలకు అన్నం: సరుకు కంటే ముందు వేళ చూసుకోండి

మీరు అడిగింది ఇది: వరంగల్ శివారు బస్తీలో, సెలవులివ్వగానే బడి భోజనం ఆగిపోయే 60 మంది పిల్లలకు 40 రోజులు అన్నం పెట్టాలి, ఎంత సరుకు పడుతుంది, ఎట్లా నడపాలి అని. సరుకు లెక్క కింద ఇస్తున్నా. కానీ ఇలాంటివి చాలావరకు బియ్యం లేక ఆగవు, వేళ కుదరక ఆగుతాయి.

మధ్యాహ్న భోజనం అనే పేరు పట్టుకొని పన్నెండున్నరకు పెడితే మే నెలలో సగం మంది రారు. ఎండ 44 డిగ్రీలకు పోయిన రోజు చెప్పుల్లేని కాళ్లతో ఏ పిల్లా అర కిలోమీటరు నడవదు. ఉపాధి హామీ పనికి పోయే తల్లులు పొద్దున ఆరింటికే ఇల్లు విడిచిపెడతారు, పిల్లలు లేచేసరికి పొయ్యి చల్లారి ఉంటుంది. అందుకే పదిన్నరకు మొదలుపెట్టి పదకొండున్నరకు ముగించండి. అప్పటికి చాలామందికి అదే మొదటి తిండి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపైతే తునికాకు సీజన్‌లో ఈ లెక్క పనికిరాదు. పిల్లలు కూడా తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కాక వచ్చి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టడానికి కూర్చుంటారు. అక్కడ వాళ్లు తిరిగొచ్చే వేళే మీ వేళ. ఇటుక బట్టీల దగ్గర కూడా ముందు వాళ్లను అడిగి, తర్వాతే పొయ్యి పెట్టండి.

సర్కారు నుంచి వచ్చేదేమైనా ఉందా అంటే: 2013 ఆహార భద్రతా చట్టం బడి పిల్లలకు రోజూ ఒక పూట భోజనం అంటూనే సెలవు రోజులను మినహాయించింది. కరువు ప్రాంతాల్లో మాత్రం వేసవి సెలవుల్లోనూ పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ మండలాన్ని ఈ ఏడాది కరువు మండలంగా ప్రకటించారేమో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. ప్రకటించి ఉంటే మొదట అర్జీ పెట్టండి, చందాల సంగతి ఆ తర్వాత.

ఇక లెక్క. కొత్త కొలతలు కనిపెట్టకండి, బళ్లో వాడేవే వాడండి: ఐదో తరగతి దాకా ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75, ఏడున్నర. మీ 60 మందిలో 35 మంది చిన్నోళ్లు, 25 మంది పెద్దోళ్లు అనుకుంటే రోజుకు ఏడుంపావు కిలోల బియ్యం, కిలోన్నరకు కాస్త తక్కువ పప్పు, 3 కిలోల 600 గ్రాముల కూరగాయలు, 360 గ్రాముల నూనె. చంకలో తమ్ముణ్ని ఎత్తుకొచ్చే అక్కలు ఎట్లాగూ ఉంటారు కాబట్టి బియ్యం 8 కిలోలు, పప్పు కిలోన్నర, నూనె 400 గ్రాములు పెట్టుకోండి. నలభై రోజులకు 320 కిలోల బియ్యం, అంటే 25 కిలోల బస్తాలు 13. పప్పు 60 కిలోలు, నూనె 16 కిలోలు. ఆదివారం వదిలి వారానికి మూడు గుడ్లంటే 20 రోజులు, 1200 గుడ్లు, 40 ట్రేలు. గుడ్లన్నీ ఒకేసారి దింపించుకోవద్దు. రెండు ట్రేలు ముందురోజు సాయంత్రం తెచ్చుకుంటే చాలు.

బియ్యం, పప్పు నెలకోసారి కొనొచ్చు, పురుగు పట్టకుండా బస్తాలను నేల మీద కాక చెక్క మీద పెట్టండి. నూనె మాత్రం సీలు ఉన్న ప్యాకెట్లే కొనండి. పత్తి, మిర్చి పండే మన జిల్లాల్లో పురుగుమందు డబ్బా లేని ఇల్లు తక్కువ, కడిగిన డబ్బానే కదా అని నూనెకు వాడేవాళ్లూ ఉన్నారు. 2013 జూలైలో బిహార్‌లోని ఒక బడిలో 23 మంది పిల్లలు చనిపోయింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన అన్నం తిని. ఎవరు ప్రేమగా తెచ్చిచ్చినా సీలు లేని నూనె పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

వంటకు మీ పిల్లల బడిలో వండే అక్కలనే పిలవండి. సెలవుల్లో వాళ్లకూ పని ఉండదు, పైగా ఏ పిల్లవాడు ఎంత తింటాడో వాళ్లకే తెలుసు. ఇద్దరు వండాలి, ఒకరు అందించాలి, వడ్డనకు ముగ్గురు, రిజిస్టరుకు ఒకరు. ఏడుకల్లా పొయ్యి వెలగాలి. ముందు పప్పు, తర్వాత కూర, అన్నం ఆఖరున. చాలాచోట్ల అన్నం ముందు దించి పక్కన పెడతారు. అది గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అందులో పెరిగే క్రిమి విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పడతాయి. అన్నం దించినప్పటి నుంచి చివరి పిల్లవాడు తినేదాకా రెండు గంటలు దాటొద్దు. కూరగాయలు రాత్రే కోసి పెట్టడం కూడా వద్దు. పులుపు పడే చారు, టమాట పప్పు అల్యూమినియం గంజులో కాకుండా స్టీలుదాంట్లో వండండి.

వడ్డించే గంటెను మొదటి రోజే తూకం వేయండి. 100 గ్రాముల బియ్యం వండితే దాదాపు పావు కిలోకు పైగా అన్నమవుతుంది. గంటెడు అన్నం 130 గ్రాములు తూగితే చిన్నోళ్లకు రెండు గంటెలు, పెద్దోళ్లకు మూడు. ఈ పని చేయకపోతే ముందు కూర్చున్న వరుసకు నిండుగా, వెనక వరుసకు అడుగంటినది పడుతుంది. తర్వాత ఎవరో ఒకరు పప్పులో చెంబెడు పచ్చినీళ్లు పోస్తారు. ఆ రోజు పప్పూ పాడు, పేరూ పాడు.

పచ్చిపులుసు ఇంట్లో ఎండాకాలానికి ప్రాణమే కానీ ఇక్కడ వద్దు. కాచని నీళ్లు, పచ్చి ఉల్లిగడ్డ, గంటసేపు మూతలేని గిన్నె... రిస్కే. దాని బదులు కాచిన చారు పోయండి. మజ్జిగ తప్పకుండా ఉండాలి: రెండున్నర లీటర్ల పెరుగుకు ఆరున్నర లీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు, తగినంత ఉప్పు, తలా 150 మిల్లీలీటర్లు. చల్లగా ఉండాలని బండి మీద అమ్మే ఐసుగడ్డ అందులో వేయకండి, కుండను తడిగుడ్డతో చుట్టండి.

గుడ్లను చల్లనీళ్లలో వేసి, మరిగాక పది నిమిషాలు ఉంచి దించండి. పెంకు మాత్రం పళ్లెంలో వేసేటప్పుడే తీయాలి, తొమ్మిదింటికే ఒలిచి బేసిన్లో పోసిన గుడ్డు పదకొండుకల్లా జిగురు పడుతుంది. గుడ్డు జేబులోకి పోతోందంటే ఇంట్లో ఇంకొకరు ఉన్నారని అర్థం. పిల్లను కోప్పడకుండా ఆ చిన్నదాన్ని కూడా రమ్మనండి.

వడ్డనకు అరగంట ముందు ఇద్దరు పెద్దవాళ్లు (పిల్లలు కాదు) తిని చూడాలి. ప్రతి వంటకం కొంచెం మూత డబ్బాలో తీసి, తేదీ రాసి, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా కడుపు చెడితే పరీక్షకు ఇవ్వడానికి అదే ఉంటుంది.

హాజరు ఎప్పుడూ నిలకడగా ఉండదు. మొదటి వారం 40, రెండో వారం 75, పెళ్లి ముహూర్తాలు పడ్డ రోజు 30. చేతులు కడుక్కునే నల్లా దగ్గర "రేపు ఉంటవా, అమ్మమ్మ ఊరికి పోతున్నవా" అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకొని, దాని మీద పదో వంతు కలిపి బియ్యం కొలవండి. పేదోళ్ల పిల్లలు అని జాబితా కట్టకండి, బస్తీలో ఎవరొచ్చినా కూర్చోబెట్టండి. చందా ఇచ్చినవాళ్లు పిల్లలు తింటుంటే ఫొటో అడుగుతారు, ఖాళీ గంజు ఫొటో పంపండి.

గ్యాస్ ఎంత పడుతుందో ఎవరి మాటా నమ్మకుండా మొదటి వారం రోజూ సిలిండర్ తూచుకోండి. ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది.

సాధారణంగా జూన్ 12న బడి తెరుస్తారు కదా అని 11తో సరుకు ఖాళీ చేయకండి. గింజలు, గ్యాస్ సర్దుకొని బడి పొయ్యి వెలగడానికి కొన్నిచోట్ల రెండు మూడు రోజులు పడుతుంది. ఒక బస్తా బియ్యం, ఐదు కిలోల పప్పు పక్కన పెట్టి, ఆ వంట అక్కలతోనే బళ్లో వండించండి.