జీతం, బోనస్, బహుమతి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర నాకు చిన్న జీడి కార్ఖానా ఉంది. పద్నాలుగు మంది పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే. దసరా నుంచి పప్పు ఎక్కువ తీసినవాళ్లకు కిలోకి ఇంత అని అదనంగా ఇస్తున్నాను. పప్పు పెరిగింది గానీ బద్దలు, ముక్కలు కూడా పెరిగాయి. పండగ బోనస్ చేతికి రాగానే నలుగురు పలాస వెళ్లిపోయారు. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు: మీరు బరువుకు డబ్బు కట్టారు, వాళ్లు బరువు తెచ్చి ఇచ్చారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మీ లాభం గుండుపప్పులో, అంటే విరగని పప్పులో ఉంది. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి. అదే పప్పు విరిగితే ఆ ధర పలకదు. అందుకని కిలోకి ఇచ్చే మామూలు రేటును కదపకుండా, అదనపు డబ్బును గుండ్ల శాతానికి ముడిపెట్టండి.

అయితే పప్పు విరగడం ఒక్క కొట్టేవాళ్ల చేతిలోనే లేదు. పిక్కలు ఆవిరికి సరిగా ఉడక్కపోయినా, ఉడికాక పూర్తిగా ఆరకపోయినా కత్తి కింద పప్పు చితుకుతుంది. డ్రయ్యర్లో తడి మిగిలితే పొట్టు ఊడదు, పొట్టు తీసేవాళ్లు చాకుతో గీకి విరగ్గొడతారు. మరీ ఎండితే చెయ్యి తగిలినా విరుగుతుంది. కాబట్టి బాయిలర్, డ్రయ్యర్ చూసేవాళ్లకు మొత్తం లాటులో గుండ్ల శాతాన్ని బట్టి ఇవ్వాలి. కొట్టేవాళ్లకూ పొట్టు తీసేవాళ్లకూ అదే లాటు సగటుతో పోల్చి ఇవ్వాలి. ఒక లాటులో పిక్క సన్నం, ఇంకోదాంట్లో లావు. ఏడాదంతా ఒకే టార్గెట్ పెడితే సన్నపిక్క వచ్చిన వారం అందరూ నష్టపోయి, ఆ లెక్కను నమ్మడం మానేస్తారు.

ఇలా చేసి చూడండి. పొద్దున ఒకే బస్తాలోంచి అందరికీ పంచండి. సాయంత్రం ఒక్కో కార్మికురాలి ఎదుటే గుండ్లు వేరుగా, బద్దలు వేరుగా తూచి, ఆమె పుస్తకంలోనూ మీ పుస్తకంలోనూ రాయండి. లాటు సగటు 80 శాతం, ఆమెది 84 అనుకుందాం. పైనున్న ఒక్కో శాతానికి ముందే చెప్పిన మొత్తం చొప్పున నాలుగింటికి కలపండి. సగటుకు తగ్గినవాళ్ల కూలిలో మాత్రం పైసా కొయ్యొద్దు. కిలో లెక్కన ఇచ్చినా రోజు కూలి ఒడిశా కనీస వేతనానికి తగ్గకూడదు. అదనపు డబ్బు ఏ వారానిది ఆ వారం శనివారం ఇచ్చేయండి. ఆరు నెలల తర్వాత వచ్చే డబ్బుకూ ఇవాళ పడే జాగ్రత్తకూ మధ్య ముడి మనసులో నిలవదు.

ఇక బోనస్. వేతనాల కోడ్ 2019 ప్రకారం ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 20 మంది పనిలో ఉన్న సంస్థకు ఇది వర్తిస్తుంది, కాబట్టి సీజన్‌లో తీసుకునే కూలీలను కూడా లెక్కపెట్టుకోండి. కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. 8.33 అంటే దాదాపు ఒక నెల జీతం. ఏడాదిలో 30 రోజులు పని చేసినా అర్హత వస్తుంది, సంవత్సరం ముగిశాక 8 నెలల్లోపు చెల్లించాలి. ఇరవై మంది ఉంటే అది వాళ్ల హక్కు, దాన్ని మీ బహుమతి కింద చూపించకండి. పద్నాలుగు మందే అయితే మీకు తప్పనిసరి కాకపోయినా ఇస్తున్నారు, మంచిదే. కానీ మొత్తం దసరాకే ఎందుకు? మీ దగ్గర తెలుగువాళ్లకు సంక్రాంతి పెద్దది, ఒడియా ఆడవాళ్లకు జూన్‌లో రజ, క్రైస్తవులైన సవర కుటుంబాలకు క్రిస్మస్. ఎవరికి ఏ పండగకు కావాలో అడిగి రెండు విడతలుగా ఇవ్వండి. రజ మూడు రోజులూ జీతంతో సెలవిస్తే ఆ ఆడవాళ్లు మీ మాట ఊరంతా చెప్తారు.

ఇంకొకటి, చాలామంది యజమానులు పట్టించుకోనిది. జీడినూనె చేతులు కాల్చేస్తుంది. చేతితొడుగులో ఆముదమో రోజూ అడక్కుండానే అందేలా చూడండి. బొబ్బలెక్కిన చేత్తో ఏ ప్రోత్సాహకమూ గుండ్లు తీయించలేదు. వెళ్లిన నలుగురిని కూడా పిలిచి, కారణం కూలా, చేతులా అని అడగండి.

ప్రశ్న: బరంపురంలో బట్టల కొట్టు. ఆరుగురు సేల్స్‌మెన్‌కు అమ్మకం మీద కమిషన్ పెడితే కస్టమర్ల కోసం కొట్లాడుకుంటున్నారు. పట్టుచీరల దగ్గరే అందరూ, లంగాల దగ్గర ఎవరూ లేరు.

జవాబు: కమిషన్‌లో సగానికి పైగా మొత్తం కొట్టు అమ్మకం మీద అందరికీ సమంగా పంచండి, మిగతాది విడిగా. కౌంటర్లు వారానికోసారి మార్చండి. లంగాలకూ, ఏడాది దాటిన పాత స్టాకుకూ కాస్త ఎక్కువ శాతం పెట్టండి, దాంతో లంగాల వైపూ మనుషులుంటారు. వాపసు వచ్చిన బట్ట మొత్తాన్ని లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే అంటగట్టి పంపడం అలవాటవుతుంది. గిరాకీ లేనప్పుడు కూర్చోడానికి తలా ఒక స్టూలు వేయండి.

ప్రశ్న: రాయగడలో మాది హోటల్. వంటమాస్టర్‌ను నిలుపుకోవడానికి 60,000 అడ్వాన్సు ఇచ్చాను. తీరేదాకా వేరే చోటికి వెళ్లనని కాగితం రాయించుకోవచ్చా?

జవాబు: వద్దు. అప్పు పేరుతో మనిషి వేరేచోట పని చేసే హక్కును కట్టేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అడ్వాన్సును మామూలు చేబదులులాగే ఉంచి, నెలకు ఎంత తీరుస్తాడో ఇద్దరూ రాసుకోండి. మానేసినా అదే వాయిదా. మాస్టర్ నిలబడాలంటే ఆరు నెలలకోసారి ఇంత పెంచుతాను అని తేదీతో సహా ముందే చెప్పండి. కిందివాళ్లను ఎవరిని పెట్టుకోవాలో అతన్నే ఎంచుకోనివ్వండి, వారంలో ఒక పూర్తి సెలవు ఇవ్వండి. పనివాళ్లు పదిమంది ఉన్నా, అంతకు మించినా ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకోండి. నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు మీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75. దాంతో ఇంట్లోవాళ్లకూ వైద్యం అందుతుంది, కాబట్టి ఆసుపత్రి ఖర్చుకని అడ్వాన్సు అడిగే అవసరమూ తగ్గుతుంది.