అమెరికా వెళ్లిన దత్త మనుమరాలు రాత్రిళ్లు ఏడుస్తోంది.. నా దగ్గరకు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బిడ్డ, అల్లుడు అమెరికాలోని డాలస్‌లో ఉంటరు. పెళ్లయిన చాలా ఏళ్లకు, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ ద్వారా ఇక్కడి శిశుగృహ నుంచి మూడేళ్ల పాపను దత్తత తీసుకున్నరు. పాప అక్కడికి పోయి నాలుగు నెలలైంది. రొట్టె ముక్కలు, బిస్కెట్లు దిండు కింద దాచిపెడుతోంది. రాత్రి నిద్రలో లేచి గుక్కపట్టి ఏడుస్తోంది. అల్లుడు ఎత్తుకోబోతే అరుస్తది. పార్కులో మాత్రం ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల దగ్గరకు ఉరికి చెయ్యి పట్టుకుంటదట. వీడియో కాల్‌లో నన్ను చూస్తే బల్ల కింద దూరుతది. మా బిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. పాపకు ఏమన్నా జబ్బు ఉందా? కొన్ని నెలలు నా దగ్గరకు పంపిస్తే మన మాట, మన తిండి మధ్య కుదుటపడుతదని నా ఆలోచన. మేడారం సమ్మక్కకు పాప నిలువెత్తు బంగారం (తన బరువంత బెల్లం) ఇస్తానని మొక్కుకున్న, అది కూడా తీరుతది. ఏం చేయమంటరు? – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. అందులో తొందరపడితే దిద్దుకోవడం కష్టం. పాపను పంపించమని అడగకండి. మీ బిడ్డ అలసిపోయి తనే పంపిస్తానన్నా వద్దనండి.

ఈ వయసుకే ఆ పాప ఎన్ని చేతులు మారిందో ఒక్కసారి తలచుకోండి. కన్నతల్లి దూరమైంది. శిశుగృహలో డ్యూటీల ప్రకారం మారే ఆయమ్మలు పెంచారు. ఒకరోజు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి విమానం ఎక్కించుకుని పోయారు. ఇప్పుడిప్పుడే ఆ ఇద్దరి మొహాలు, ఆ ఇంటి వాసన అలవాటవుతున్నాయి. ఈ సమయంలో మళ్లీ విమానం ఎక్కిస్తే అమ్మమ్మ ఇంటికి పోతున్నానని ఆమెకు తెలియదు. వీళ్లు కూడా నన్ను వదిలేశారనే అనుకుంటుంది. అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్లు పిల్లల్ని ఏడాదో రెండేళ్లో అమ్మమ్మల దగ్గర ఉంచడం మన వైపు మామూలే. కన్న పిల్లల విషయంలోనే నేను దాన్ని ప్రోత్సహించను. దత్త పిల్లల విషయంలో అయితే చేతులు జోడించి వద్దంటాను.

ఇక జబ్బు సంగతి. మీరు రాసినవన్నీ సంస్థల్లో కొంతకాలం పెరిగి కొత్త ఇంటికి వచ్చిన పిల్లల్లో పిల్లల డాక్టర్లు తరచూ చూసేవే. దేశం మారకుండా, వరంగల్‌లోనే ఒక వాడ నుంచి ఇంకో వాడకు దత్తత వెళ్లిన పిల్లల్లోనూ వీటిని చూశాను. నాలుగు నెలలు మీకు ఎక్కువ అనిపించవచ్చు. ఈ పిల్లలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

తిండి దాచుకోవడం దొంగతనం కాదు, ఆశపోతుతనం కాదు. చాలామంది పిల్లలున్న చోట వేళకు పెట్టింది తినాలి, మళ్లీ ఎప్పుడు పెడతారో తన చేతిలో ఉండదు. ఆ పాఠం ఆమె ఒంటికి పట్టింది. దిండు కింద చెయ్యి పెట్టి తీసి తిట్టినా, ‘ఛీ, చీమలు వస్తయి’ అని పారేసినా భయం రెట్టింపవుతుంది. మీ బిడ్డకు ఈ మాట చెప్పండి: పాపకు అందే ఎత్తులో ఒక చిన్న బుట్ట పెట్టాలి. అందులో అరటిపండు, మురుకులు, బిస్కెట్ల లాంటివి ఎప్పుడూ ఉండాలి. ఖాళీ అయితే పాప చూస్తుండగానే నింపాలి. పడుకునేటప్పుడు మూత ఉన్న డబ్బాలో కాస్త తినుబండారం పెట్టి ‘ఇది నీదే, పొద్దున దాకా ఇక్కడే ఉంటది’ అని మంచం పక్కన ఉంచాలి. కొన్నాళ్లకు ఆ డబ్బా ముట్టకుండానే తెల్లవారుతుంది. భోజనం దగ్గర ఎంత అడిగితే అంత పెట్టమనండి. మొదట్లో కడుపు పట్టనంత తినడం, తర్వాత తగ్గడం ఈ పిల్లల్లో కనిపించేదే. రోజురోజుకూ బరువు చూసి బెంగపడొద్దు.

రాత్రి ఏడుపుకు కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పది మంది పిల్లల ఊపిరి వినిపించే హాల్లో, లైటు వెలుతురులో పడుకున్న పాప అది. అక్కడి ఇళ్లలో విడి గది, చీకటి, చప్పుడే లేని వీధి. అమెరికాలో పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టడం అలవాటు కావచ్చు, ఈ పాపకు మాత్రం అమ్మానాన్నల మంచం పక్కనే పరుపు వెయ్యమనండి. చిన్న లైటు ఉంచాలి. లేచినప్పుడు ప్రశ్నలు వేయకుండా వీపు మీద చెయ్యి వేసి, రోజూ ఒకటే మాట, తెలుగులోనే చెప్పాలి. ఇంట్లో తెలుగు వినిపించడం ఈ పాపకు దక్కిన అదృష్టం. ఇంగ్లిష్ తొందర పెట్టొద్దు, అది బడిలో దానంతట అదే వస్తుంది.

అల్లుడు బాధపడుతుంటే ఆయన తప్పేం లేదని చెప్పండి. శిశుగృహల్లో పిల్లల్ని చూసుకునేది దాదాపు అందరూ ఆడవాళ్లే. మగ గొంతు, గడ్డం, పొడుగు మనిషి ఆమెకు కొత్త. ఎత్తుకోవడానికి ఆయన ముందుకు పోవద్దు. పాప పక్కన నేల మీద కూర్చుని తన పని తాను చేసుకోవాలి, ఆడుకుంటూ తనే దగ్గరికి వస్తుంది. పార్కులో పరాయి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవడం కలుపుగోలుతనంలా కనిపిస్తుంది. నిజానికి ‘నావాళ్లు ఎవరు’ అన్న గీత ఇంకా పడలేదని అర్థం. ఆ గీత పడాలంటే కొన్ని నెలల పాటు తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఓదార్చడం అమ్మానాన్నలే చేయాలి. చుట్టాలు, స్నేహితులు ముద్దు చేసి ఎత్తుకోవడం ఆపాలి. ఉద్యోగాల మాట కూడా అడగండి. అక్కడి చట్టం ప్రకారం అర్హత ఉన్న ఉద్యోగులకు దత్తతకు 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది, దాన్ని బిడ్డ ఇంటికొచ్చిన 12 నెలల లోపు వాడుకోవాలి. అల్లుడు ఇంకా వాడుకోకపోతే ఇప్పుడు వాడుకోవడం మేలు.

ఇప్పుడు మీ వీడియో కాల్. మీ వయసు, చీరకట్టు, మాట తీరు పాపకు ఆయమ్మను గుర్తుచేస్తుండవచ్చు. ఫోన్‌లో ఉన్న మనిషి తనను వెనక్కి తీసుకుపోతుందని భయపడవచ్చు. ‘నాతోని వస్తవా బిడ్డా, తీస్కపోనా?’ అని మనం ప్రేమతో అనే మాట ఆమె చెవికి అలా వినపడదు. ‘ఏడిస్తే మళ్లీ ఆడికే పంపిస్తం’ అని సరదాకైనా ఎవరూ అనకూడదు, ఇది మరీ మరీ చెబుతున్నాను. మీరు మీ బిడ్డతో మాట్లాడండి. పాప అదే గదిలో ఆడుకోనివ్వండి. మీ గొంతు వింటే చాలు. బల్ల కింది నుంచి తనే తొంగిచూసే రోజు వస్తుంది, ఆ రోజు కూడా పిలవకండి, నవ్వండి చాలు. జాతకం చూసి పేరు మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. పాప వెంట తెచ్చుకున్నది ఆ పేరొక్కటే.

ఒంటి ఆరోగ్యానికి సంబంధించి కొన్ని అడిగి తెలుసుకోండి. అక్కడి పిల్లల డాక్టర్ రక్తహీనత, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, థైరాయిడ్, రక్తంలో సీసం, మలంలో పురుగులు, చూపు, వినికిడి పరీక్షలు చేశారా? హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు ఆరు నెలలకు మరోసారి చేయించాలి. ఐరన్ తక్కువైనా నిద్ర కలతగా ఉంటుంది. పుట్టగానే వేసే బీసీజీ వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, రెండేళ్లు దాటిన పిల్లలకు రక్తంతో చేసే ‘ఇగ్రా’ పరీక్ష మేలు. మన సర్కారు టీకాల్లో ఇచ్చేది ఎంఆర్, అది తట్టు, రూబెల్లాకే. గవదబిళ్లలకు, ఆటలమ్మకు టీకాలు అక్కడ వేయించాలి. విడిచిపెట్టిన పిల్లల పుట్టిన తేదీ చాలాసార్లు అంచనాగా రాస్తారు. కాబట్టి వయసుకు తగ్గట్టు మాటలు రాలేదని ఎవరైనా అంటే వెంటనే బెంబేలెత్తొద్దు. అనుమానం ఉంటే మూడేళ్లు నిండిన పిల్లలను అక్కడి పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఉచితంగా పరీక్షిస్తారు.

దత్తత తర్వాత రెండేళ్ల పాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, పాప బాగోగుల రిపోర్టు కారాకు వెళ్తుంది. దానికోసం వచ్చే సోషల్ వర్కర్ దగ్గర కష్టాలు చెబితే పాపను తీసుకుపోతారేమోనని చాలామంది దాస్తారు. దాచొద్దు. దత్త పిల్లలను చూసే నిపుణుల దగ్గరకు దారి చూపేది వాళ్లే.

పాప తల గోడకు కొట్టుకుని గాయం చేసుకున్నా, బరువు తగ్గిపోతున్నా, వచ్చిన మాటలు పోతున్నా, పిలిస్తే పలకకపోయినా, మూర్ఛ లాంటిది వచ్చినా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. ఆరు నెలలు దాటాక కూడా పై లక్షణాల్లో ఏ కాస్త తగ్గుదల లేకపోతే పిల్లల మానసిక నిపుణుల సాయం తీసుకోవాలి. నిద్ర మందులు సొంతంగా వేయొద్దు.

మొక్కు గురించి మీ మనసు కష్టపెట్టే మాట చెప్పను. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తూనే ఉంటుంది, జాతర లేని రోజుల్లోనూ గద్దెల దగ్గరకు జనం పోతూనే ఉంటారు. లక్షల మంది తోపులాటలో, డప్పుల మోతలో ఈ పాపను ఇప్పుడే నిలబెట్టొద్దు. అమ్మ చెయ్యి వదలకుండా నడిచే నమ్మకం వచ్చాక, అమ్మానాన్నలతోనే వచ్చి, తన బరువు బెల్లం తూగనివ్వండి.

నాకు పాప కంటే ఎక్కువ దిగులు మీ బిడ్డ గురించి. కాన్పు తర్వాత వచ్చినట్టే దత్తత తర్వాత కూడా తల్లికి డిప్రెషన్ రావచ్చు. ‘ఇన్నేళ్లు ఎదురుచూసి ఇప్పుడు ఏడుస్తున్నానే’ అన్న సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, పాపను చూస్తే ఏమీ అనిపించట్లేదన్నా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా వెంటనే డాక్టర్ దగ్గరకు పంపించండి. వీసా ఉండి వెళ్లగలిగితే మీరే వెళ్లండి. వంట, బట్టలు, గిన్నెలు మీరు చూసుకోండి. పాపకు ముద్ద కలిపి పెట్టడం మాత్రం మీ బిడ్డ చేతికే వదలండి.