కిస్తీలు తప్పాయని ఆటో తీసుకుపోయారు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ఆయన తెనాలిలో ఆటో నడుపుతాడు. 2023లో ఒక ఫైనాన్స్ కంపెనీలో 2,40,000 రూపాయలు తీసుకుని బండి కొన్నాం. నెలకు 8,900 చొప్పున 36 కిస్తీలు. 27 కట్టేశాం. ఉచిత బస్సు వచ్చాక గిరాకీ పడిపోయింది, ఆ వెంటనే ఆయన చెయ్యి విరిగింది. మూడు కిస్తీలు తప్పాయి. పోయిన గురువారం రాత్రి స్టేషన్ దగ్గర ముగ్గురు వచ్చి, ఎక్కినవాళ్లను దింపేసి, తాళం లాక్కుని, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని బండి పట్టుకుపోయారు. ఇప్పుడు పెనాల్టీ, సీజింగ్ ఛార్జీ, యార్డు అద్దె అంటూ మొత్తం 41,500 అడుగుతున్నారు. వారంలో కట్టకపోతే అమ్మేస్తామని ఇంగ్లిష్‌లో నోటీసు పంపారు. ఆర్‌సీ కూడా ఇచ్చేయమంటున్నారు. మా తమ్ముడు జామీను ఉన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్‌లో కొంత చెప్పాను. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కష్టమైన మాట చెప్పాలి. కిస్తీలు తప్పితే బండి తీసుకునే హక్కు ఒప్పందంలో రాసి ఉంటే, తీసుకోవడమే నేరం అని కోర్టు అనదు. 2020లో సుప్రీంకోర్టు హైర్ పర్చేజ్ (కిస్తీలన్నీ కట్టాకే బండి మన సొంతమయ్యే పద్ధతి) బండి కేసులో ఈ మాటే చెప్పింది. కానీ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా తీసుకుంటే అది సేవా లోపమని అదే తీర్పులో ఉంది. మనుషుల్ని పెట్టి బెదిరించి బాకీ వసూలు చేయడానికి వీల్లేదని 2007లోనే ఒక ప్రైవేటు బ్యాంకు కేసులో చెప్పింది. అందుకే మీరు గట్టిగా అడగాల్సింది ‘బండి ఎందుకు తీసుకున్నారు’ అని కాదు, ‘ఎలా తీసుకున్నారు’ అని.

దానికి ఒప్పందం కాపీ కావాలి. మీ దగ్గర లేదని ఫోన్‌లో అన్నారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న ట్రాక్టర్‌ని కళ్లంలోంచి తోలుకుపోయారు. ఆయన సంతకం పెట్టిన కాగితాల్లో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆ సాయంత్రం అమ్మ ట్రంకుపెట్టె మొత్తం కింద పోసి వెతకడం నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఆ పరిస్థితి ఉండకూడదు. ఒప్పందాన్ని, దాని వెనక ఉన్న కాగితాలన్నిటినీ కాపీ తీసి అప్పు తీసుకున్నవాళ్లకు ఇవ్వాలని, షరతులు వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు నియమం ఉంది. బండి తీసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు, అమ్మే ముందు కట్టుకోవడానికి ఆఖరి అవకాశం, వేలం పద్ధతి – ఇవన్నీ ఒప్పందంలోనే రాసి ఉండాలి.

కాబట్టి వెంటనే తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి. ఒప్పందం కాపీ, ఇప్పటిదాకా కట్టిన 2,40,300 రూపాయలు చూపించే అకౌంట్ స్టేట్‌మెంట్, 41,500లో ఏది ఎంతో విడివిడి లెక్క అడగండి. మూడు కిస్తీలు 26,700 అవుతాయి, మిగతా 14,800 ఎక్కడిదో వాళ్లు చూపించాలి. పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. తప్పిన కిస్తీలు ఫలానా తేదీకల్లా కడతాం, బండి అమ్మొద్దు అని కూడా అందులోనే రాయండి. గురువారం రాత్రి జరిగింది, బలవంతంగా సంతకం తీసుకున్న సంగతి దాచకుండా పెట్టండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఈమెయిల్ కూడా చేయండి. డబ్బు కడితే రసీదు లేకుండా ఆ ఏజెంట్ చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

వాళ్లు వినకుండా అమ్మకానికి పెడితే మీ ఉత్తరానికి జవాబు కోసం 30 రోజులు ఆగక్కర్లేదు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, కేసు తేలేదాకా అమ్మకం ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగండి. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ‘ఆటో వ్యాపారం కోసం కొన్నది, వీళ్లు వినియోగదారులు కారు’ అని వాళ్లు తప్పకుండా అంటారు. భయపడకండి. సొంతంగా కష్టపడి బతకడానికే కొన్న వస్తువును చట్టం ఆ లెక్కలో వేయదు. మీ ఆయనే నడుపుతాడని, మీకు ఇంకో ఆటో లేదని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. లాయర్ కావాలంటే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు. మహిళగా మీ పేరు మీద అడిగితే ఆదాయ పరిమితి కూడా అడ్డురాదు.

రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) దారి వేరు. ముందు కంపెనీకి రాయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. అప్పటిదాకా మీ బండి అమ్మకం ఆగదు. ఏజెంట్ల తీరు మీద మాత్రం అక్కడ తప్పకుండా ఫిర్యాదు చేయండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని వాళ్లకు నియమం. పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి, వాళ్లు సివిల్ వ్యవహారం అన్నా వదిలేయకండి. బాకీ సివిల్ కావచ్చు, కొట్టినా బెదిరించినా అది వేరే. ఆ ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి.

మీ తమ్ముడి సంగతి. బండి అమ్మాక ఇంకా బాకీ మిగిలితే జామీనుదారు మీద కూడా దావా వేయొచ్చు. అందుకే ఎంతకు, ఎవరికి అమ్మారో లెక్క అడిగే హక్కు వదులుకోకండి. ప్రతి ఉత్తరం కాపీ అతని దగ్గర కూడా ఉంచండి.

ఆర్‌సీ ఇప్పుడే ఇవ్వొద్దు. మీరు ఇవ్వకపోతే కంపెనీ రవాణా శాఖకు దరఖాస్తు చేసి తన పేరు మీద కొత్త ఆర్‌సీ అడగవచ్చు. కానీ ఇచ్చే ముందు మీ మాట వినడానికి ఆ ఆఫీసు నుంచి నోటీసు రావాలి. వస్తే అదే వారంలో మీ ఉత్తరాల కాపీలు, కిస్తీ రసీదులు పట్టుకుని వెళ్లి, కేసు నడుస్తోందని రాసిచ్చి, ఆఫీసు ముద్ర వేయించుకోండి.