ఏ క్షణంలో ఉలిక్కిపడ్డావు?

రాజమహేంద్రవరం

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అయిదు వ్యాసాలనూ రెండేసి సార్లు చదివాను. 'ది థింగ్' గురించి నువ్వు రాసినది చదివాక, ఆ సినిమాను మరొకసారి చూడకుండా నీకు జవాబు రాయడం భావ్యం కాదనిపించింది. మొన్న రాత్రి చూశాను, అందుకే ఈ ఆలస్యం.

సైన్స్ ఫిక్షన్ సినిమాలన్నా, భయపెట్టే సినిమాలన్నా నీకున్న ఇష్టం నిజమైనదని నాకు తెలుసు. అయితే ఆ ఇష్టం నీ వ్యాసాల్లోకి ఇంకా దిగలేదు. 'స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్‌గా ఉంది', 'బీజీఎం అదిరిపోయింది', 'విజువల్స్ నెక్స్ట్ లెవెల్' అన్న మాటలు అయిదు వ్యాసాల్లోనూ ఉన్నాయి. వాటిని ఒక సినిమా మీద నుంచి తీసి మరో సినిమా మీద పెట్టినా చక్కగా అతుక్కుంటాయి. ఎక్కడైనా అతుక్కునే మాట నీ అభిప్రాయం ఎలా అవుతుంది? పైగా ప్రతి వ్యాసం మొదట్లోనూ 'నేను విమర్శకుణ్ణి కాను, మామూలు అభిమానిని మాత్రమే' అని క్షమాపణ చెప్పుకున్నావు. ఆ వాక్యాన్ని కొట్టెయ్యి. భయపెట్టడానికి తీసిన సినిమా ఎవరిని భయపెట్టాలనుకుంటుందో ఆ మనిషివి నువ్వే. ఏ నిమిషంలో నీ చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుందో నీకు తెలిసినంతగా ఏ పండితుడికీ తెలియదు. నీ దగ్గరున్న సరుకు అదే, నువ్వు రాయకుండా వదిలేసిందీ అదే.

'ది థింగ్' వ్యాసంలో రక్తపరీక్ష సన్నివేశాన్ని 'సూపర్ సీన్' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేను మొన్న దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, నాలుగు సార్లు చూశాను. అంటార్కిటికాలో మంచు నడుమ ఒక పరిశోధన కేంద్రం, అందులో పన్నెండు మంది మగవాళ్ళు. ఏ ప్రాణినైనా మింగి అచ్చం దానిలాగే మారిపోగల జీవి ఒకటి వాళ్ళలో చేరింది. ఎవరు మనిషో, ఎవరు కాదో ఎవరికీ తెలియదు. కథానాయకుడు మెక్‌రెడీ అందరి రక్తాన్నీ చిన్న గాజు పళ్ళేల్లోకి తీయించి, రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి ఒక్కొక్క దానిలో ముంచుతాడు. మొదటిసారి చుయ్యిమని చిన్న చప్పుడు, మరేమీ జరగదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారికి మనం ఆ చప్పుడుకు అలవాటు పడిపోతాం. అప్పుడు గ్యారీ అనే పెద్దమనిషి ఈ పరీక్షంతా అర్థంలేనిదని ఎదురు తిరుగుతాడు. మెక్‌రెడీ అతని వైపు చూస్తూ, నిన్ను ఆఖరున చూస్తానన్నట్టు జవాబిస్తూ, చేతిలోని తీగను అన్యమనస్కంగా పామర్ అనే మరొకడి రక్తంలో పెడతాడు. మన అనుమానమంతా గ్యారీ మీద ఉంది, కళ్ళు కూడా అటే ఉన్నాయి. సరిగ్గా అప్పుడు ఆ రక్తం కేక పెట్టి పళ్ళెంలోంచి ఎగిరిపడుతుంది.

నేను ఉలిక్కిపడ్డాను. నాలుగోసారి చూసినప్పుడు కూడా, అది ఎప్పుడు వస్తుందో క్షణంతో సహా తెలిసి ఉండి కూడా, భుజాలు బిగుసుకున్నాయి. ఎందుకని వెతికితే జవాబు ఆ ముందరి నాలుగు చప్పుళ్ళలోనూ, గ్యారీ మాటల్లోనూ దొరికింది. నీ వ్యాసం చేయవలసిన పని ఇదే: నీకు కలిగినదాన్ని ముందు ఉన్నదున్నట్టు పెట్టు, తరువాత అది కలగడానికి తెర మీద ఏమి జరిగిందో వెళ్ళి వెతుకు. మొదటిది లేకపోతే అది పాఠం లాగా ఉంటుంది. రెండోది లేకపోతే కేకలు, ఈలలు మిగులుతాయి.

అదే సన్నివేశంలో మరో సంగతి ఉంది, సైన్స్ ఫిక్షన్ మీద ప్రేమ ఉన్న నువ్వు దాన్ని వదలకూడదు. ఆ జీవిలోని ప్రతి ముక్కా తనంతట తాను ఒక ప్రాణి అన్నది కథ పెట్టుకున్న నియమం. మనిషి రక్తం ఒంట్లోంచి బయటికి వస్తే అది వట్టి రక్తం. దాని రక్తం మాత్రం ప్రాణం కాపాడుకోవడానికి వేడి నుంచి పారిపోతుంది. మెక్‌రెడీ పరీక్ష ఈ ఆలోచన మీద నిలబడింది. జాన్ కాంప్‌బెల్ 1938లో రాసిన మూలకథలోనే ఈ వేడి తీగ ఉంది. అంటే ఇక్కడ భయం, శాస్త్రం విడివిడిగా లేవు; కథ చేసుకున్న ఊహను చివరిదాకా నిజాయితీగా తర్కిస్తే ఆ తర్కం నుంచే భయం పుట్టుకొచ్చింది. నువ్వు చూసే ప్రతి సైన్స్ ఫిక్షన్ సినిమానూ ఈ ప్రశ్న అడుగు. మన లోకంలో లేని ఏ ఒక్క నియమాన్ని ఇది తెచ్చింది, దానికి ఆఖరి దాకా కట్టుబడిందా, లేక ఇరుకున పడ్డప్పుడు మరో కొత్త నియమం చేసుకుందా? నువ్వు 'లాజిక్ లేదు' అని రాసిన రెండు చోట్లా నిజానికి చెప్పదలచుకున్నది ఇదేననుకుంటాను. ఏ నియమం ఎక్కడ తప్పిందో చూపిస్తే ఆ మాటకు బలం వస్తుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. నీ వయసులో ఉండగా ఇదే 'ది థింగ్' సినిమాను ఒక వీడియో పార్లర్‌లో చూశాను. ఎన్నో చేతులు మారిన క్యాసెట్, నకలుకు నకలు తీసినది. తెర సగం నలుపు, సగం గీతలు. దర్శకుడు జాన్ కార్పెంటర్ ఆ జీవిని ఎక్కడా స్పష్టంగా చూపించకుండా చీకట్లో దాచడమే ఆ సినిమా గొప్పతనమని నేనొక చిన్న పత్రికకు వ్యాసం రాసి పంపాను. వేశారు కూడా. కొన్నేళ్ళ తరువాత మంచి ప్రింటు చూస్తే నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆ సినిమా చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇరవై రెండేళ్ళ రాబ్ బాటిన్ తన బృందంతో రబ్బరూ జిగురూ కలిపి చేసిన ఆ వికృత రూపాలను వెలుతురులో, దగ్గర నుంచి, చూడలేక ముఖం తిప్పుకునేంత సేపు చూపిస్తుంది. నేను మెచ్చుకున్న చీకటి క్యాసెట్‌ది. పార్లర్‌లో నేను భయపడ్డ మాట నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఆ భయానికి నేను చెప్పిన కారణం అబద్ధం, దాన్ని నమ్మి చదివిన వాళ్ళకు నేను అన్యాయం చేశాను. ఆ వ్యాసం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే అడుగుతున్నాను, నువ్వు 'ఏలియన్' ఎందులో చూశావు? ఫోన్‌లో, బస్సు ప్రయాణంలో చూసి ఉంటే ఆ మాట వ్యాసంలో రాయి. అందులో సిగ్గుపడేది లేదు. రిడ్లీ స్కాట్ 1979లో తీసిన ఆ సినిమాలో అంతరిక్ష ఓడ నడవాల నలుపే సగం పని చేస్తుంది. మధ్యాహ్నపు ఎండలో అరచేతి తెర మీద ఆ నలుపు కనిపించదు. అప్పుడు 'స్లోగా ఉంది' అన్న నీ తీర్పు సినిమాదా, బస్సు కిటికీదా అన్నది చదివేవాడికి తెలియాలి.

'ఏలియన్' నెమ్మదిగా నడుస్తుందన్నది నిజమే. ఆ నెమ్మదిలో ఏముందో చూశావా? ఏడుగురు ఉద్యోగులు. నిద్ర లేచి అన్నం తింటూ జీతం వాటాల గురించి, బోనస్ గురించి తగువు పడతారు. వాళ్ళు వీరులు కారు, సరుకు మోసే ఓడలో కూలికి పనిచేసే మనుషులు. తరువాత మరో భోజనం దగ్గర, అందరూ నవ్వుకుంటూ ఉండగా, వాళ్ళలో కేన్ అనే అతని ఛాతీ చీల్చుకుని ఆ గ్రహాంతర జీవి బయటికి వస్తుంది. ఏమి జరగబోతోందో నటులకు తెలుసు గానీ రక్తం అంతగా చిమ్ముతుందని తెలియదు. ముఖం మీద రక్తం పడినప్పుడు వెరోనికా కార్ట్‌రైట్ బెదిరిపోవడం నటన కాదు. మొదటి భోజనం లేకపోతే రెండో భోజనానికి ఆ బలం ఉండదు. నువ్వు 'ల్యాగ్' అన్నది ఆ మొదటి భోజనాన్నే. 'జాస్' సినిమా గురించి నువ్వు రాసిన కథ నిజమే: యంత్రపు సొరచేప ఉప్పునీటిలో మొరాయించబట్టే దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని ఎక్కువసేపు చూపించలేక నీటి మీద తేలే పసుపు పీపాలతో, సంగీతంతో సరిపెట్టాడు. ఆ కథ అందరూ చెప్పేదే కాబట్టి నీ వ్యాసంలో దానికి అంత చోటు అక్కరలేదు.

నీ మాటల సంగతికి వస్తాను. ప్రతి చోటా 'భయం' అని గాని, 'హారర్ ఫీల్' అని గాని రాశావు. మన భాషలో భయానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకో. పామర్ రక్తం ఎగిరినప్పుడు కలిగేది ఉలికిపాటు. ఛాతీ చీలినప్పుడు కలిగేది జుగుప్సతో కూడిన హడలు. ఒంటరిగా నడవాలోకి వెళ్ళే మనిషి వెనక కెమెరా కదులుతుంటే మనలో పుట్టేది జంకు. రోమాలు నిక్కబొడుచుకుంటే గగుర్పాటు. చిన్నప్పుడు సినిమా చూసి వచ్చి రాత్రి జ్వరం తెచ్చుకుంటే మా అమ్మ 'పిల్లాడు జడుసుకున్నాడు' అని దిష్టి తీసేది. అది జడుపు, హాలు దాటి ఇంటిదాకా వెంట వచ్చే భయం. 'ది థింగ్' ముగింపులో ఇద్దరు మనుషులు కాలిపోతున్న శిబిరం ఎదుట, ఒకరినొకరు నమ్మలేక, ఎదురెదురుగా కూర్చుంటారు. అక్కడ మిగిలేది దిగులు. ఈ మాటలను అలంకారం కోసం వాడమనడం లేదు. సరైన మాట కోసం వెతికితే ఆ సన్నివేశం నిన్నేమి చేసిందో నీకే స్పష్టమవుతుంది.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ లేదని ఒక వాక్యంలో కొట్టిపారేశావు. అది నాకు కష్టం కలిగించింది. తక్కువ ఉందని రాస్తే ఒప్పుకునేవాణ్ణి. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం మన హాళ్ళకు కొత్త, కానీ అది ప్రేక్షకుణ్ణి తీసుకువెళ్ళింది శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, తెనాలి రామకృష్ణుడి దగ్గరికి. బండి కొత్తదైనా చేరిన ఊరు తెలిసినది కాబట్టి జనం నిస్సంకోచంగా ఎక్కి కూర్చున్నారని నా అభిప్రాయం. ఆ సింగీతంగారు కె.వి.రెడ్డిగారి దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసినవారు. 1957 నాటి ఆ సినిమాలో శశిరేఖ ప్రియదర్శిని పేటిక తెరిస్తే దూరాన ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు. మనసుకు ప్రియమైనదే అందులో కనిపిస్తుందన్న నియమాన్ని కథ ముందే చెప్పి, దానికి కట్టుబడి, దాని నుంచే హాస్యమూ ప్రేమా పుట్టించింది. అది పురాణమే, శాస్త్రం కాదు. అయినా కాంప్‌బెల్ వేడి తీగకూ ఈ పేటికకూ నడక ఒక్కటే. ఈ చుట్టరికం మీద ఎవరైనా వ్యాసం రాస్తే చదవాలని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. నువ్వు రాయగలవు.

నక్షత్రాలు, అయిదుకు ఇన్ని మార్కులు అనే లెక్కలు మానెయ్యి. దాని గురించి అంతకన్నా చెప్పవలసిందేమీ లేదు. మామూలు అభిమాని మాటకున్న విలువ మాత్రం చూడు. 'ది థింగ్' 1982 జూన్ 25న అమెరికాలో విడుదలైనప్పుడు, రెండు వారాల ముందే వచ్చిన 'ఇ.టి.'లోని మంచి గ్రహాంతరవాసిని జనం గుండెలకు హత్తుకుని ఉన్నారు. విమర్శకుల్లో ఎక్కువమంది దీన్ని ఛీకొట్టారు. తరువాత ఇళ్ళలో క్యాసెట్లు పెట్టుకుని చూసిన మామూలు అభిమానులు, నీలాంటి వాళ్ళు, మళ్ళీ మళ్ళీ చూసి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఈ రోజు ఆ సినిమాకున్న గౌరవంలో పెద్ద వాటా వాళ్ళదే.

అయిదు వ్యాసాల్లో నాలుగింటిని పక్కన పెట్టి 'ది థింగ్' ఒక్కటే తిరగరాయి. ముందు దీపాలార్పి, వీలైనంత పెద్ద తెర మీద చూడు. చేతిలో కాగితం పెట్టుకుని, ఒళ్ళు జలదరించిన ప్రతిసారీ నిమిషం వేసుకో, మరేమీ రాయవద్దు. మర్నాడు పగటిపూట ఆ నిమిషాల దగ్గరికి మాత్రమే వెళ్ళి, వాటికి ముందరి రెండేసి నిమిషాలు చూడు. నా కాగితం మీద మొన్న ఏడు నిమిషాలు పడ్డాయి. అవేమిటో ఇప్పుడు చెప్పను. నీ కాగితం వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. సంక్రాంతికి ఊరు వస్తావు కదా, అప్పుడు తీసుకురా.

ఇట్లు,
నీ మేలు కోరే అన్నయ్య