డబ్బా మీద ‘పనిచేస్తుంది’ అని ఉన్నా హబ్‌కి కలవని బల్బు

ప్రశ్న: మా ఇంట్లో హోమ్ ఆటోమేషన్ హబ్ (స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే పెట్టె) ఉంది. తలుపు సెన్సర్లు, రెండు స్మార్ట్ ప్లగ్గులు దానికే కలిపాం, అవి జిగ్‌బీవి (వైఫై కాకుండా వేరే రకం వైర్‌లెస్ పద్ధతి), ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. హాల్లో నాలుగు రంగుల స్మార్ట్ బల్బులు పెడదామని ముందుగా ఒకటి తెచ్చాను. దాని యాప్‌లో రంగులు చక్కగా మారుతున్నాయి, కానీ హబ్ ఎంత వెతికినా దాన్ని గుర్తించట్లేదు. వాయిస్ అసిస్టెంట్లతో పనిచేస్తుందని డబ్బా మీద ఉంది. తప్పు బల్బుదా, హబ్‌దా? మిగతావి ఏవి కొనమంటారు?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయండి, కంగారు పడకండి. మీరు తెచ్చింది వైఫై బల్బు అయి ఉంటుంది. అది మీ రూటర్‌కి కలిసి, ఇంటర్నెట్ మీదుగా తయారీ కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, వాయిస్ అసిస్టెంట్ కూడా సాధారణంగా ఆ సర్వర్‌నే అడిగి బల్బు వెలిగిస్తుంది. డబ్బా మీద రాసిన మాటకి అర్థం అంతవరకే. మీ హబ్ మాత్రం జిగ్‌బీ పరికరాల కోసం వెతుకుతోంది, వైఫై బల్బు దానికి ఎప్పటికీ కనపడదు.

అందుకే కొనేముందు బల్బు డబ్బా కంటే ముందు హబ్ డబ్బా చూడమంటాను. అందులో ఏ రేడియోలు ఉన్నాయి? జిగ్‌బీ, జెడ్-వేవ్, థ్రెడ్... ఇవన్నీ పరికరాలు మాట్లాడుకునే వేర్వేరు వైర్‌లెస్ పద్ధతులు, వీటిలో ఏది ఉంటే ఆ బల్బే కొనాలి. తర్వాత హబ్ కంపెనీ ఇచ్చే పరికరాల జాబితాలో మోడల్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి, బ్రాండ్ పేరు చూసి ఆగిపోవద్దు, ఎందుకంటే ఒకే కంపెనీ వైఫై బల్బులూ జిగ్‌బీ బల్బులూ ఒకేలాంటి డబ్బాల్లో అమ్ముతుంది. జెడ్-వేవ్ అయితే ఇంకో చిక్కుంది. దాని ఫ్రీక్వెన్సీ యూరప్‌లో 868, అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఒక ప్రాంతం హబ్‌కి ఇంకో ప్రాంతం బల్బు కలవదు. జిగ్‌బీ బల్బులు ఎక్కడైనా 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ బాధ లేదు.

‘మ్యాటర్’ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ప్రమాణం) గుర్తు ఉన్న బల్బు కొంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చిన ఈ ప్రమాణం మంచిదే, కానీ మ్యాటర్ అనేది రేడియో కాదు, అది వైఫై మీదో థ్రెడ్ మీదో నడుస్తుంది. థ్రెడ్ బల్బు అయితే ఇంట్లో థ్రెడ్ బోర్డర్ రూటర్ (థ్రెడ్ పరికరాలను ఇంటి నెట్‌వర్క్‌కి కలిపేది) ఉండి తీరాలి. పైగా కొన్ని హబ్‌లు తమ దగ్గరున్న పరికరాలను మ్యాటర్ ద్వారా బయటికి చూపిస్తాయే తప్ప బయటి మ్యాటర్ బల్బులను చేర్చుకోవు, ఈ తేడా చూసుకోకుండా కొని ఇబ్బంది పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

మీకు నా సలహా ఒక్కటే, జిగ్‌బీ 3.0 రంగుల బల్బులు తీసుకోండి. ఇంటర్నెట్ పోయినా చాలా హబ్‌లలో అవి పనిచేస్తాయి. కరెంటు ఉన్నంతసేపు చాలా జిగ్‌బీ బల్బులు పక్క పరికరాల సిగ్నల్‌ని ముందుకి అందిస్తాయి కూడా (కొన్ని బ్రాండ్లవి అందించవు, అడిగి తెలుసుకోండి). నాలుగు బల్బులనీ జిగ్‌బీ గ్రూపుగా కలపండి, అప్పుడు ఒకే సందేశానికి నాలుగూ ఒక్కసారే వెలుగుతాయి. విడివిడిగా వదిలేస్తే ఒకటి వెలిగాక ఇంకొకటి వెలుగుతూ హాలు చూడ్డానికి అదోలా ఉంటుంది. 2012 నుంచి ఉన్న ఫిలిప్స్ హ్యూ బల్బులు కూడా జిగ్‌బీవే, సొంత బ్రిడ్జ్ (హ్యూ వాళ్ల హబ్) లేకుండా చాలా హబ్‌లకి నేరుగా కలుస్తాయి, కాకపోతే వాటి యాప్‌లో ఉండే కొన్ని ప్రత్యేక ఎఫెక్టులు అప్పుడు రావు. హబ్‌ని మాత్రం వైఫై రూటర్‌కి ఆనించి పెట్టొద్దు, రెండిటిదీ ఒకే బ్యాండ్, కాస్త దూరం ఉంచండి.

మొదట తెచ్చిన వైఫై బల్బుని పారేయకండి. వాపసు ఇవ్వగలిగితే సరే, లేకపోతే ఒంటరిగా ఉండే టేబుల్ ల్యాంపుకి వాడుకోండి.

ప్రశ్న: స్మార్ట్ బల్బులు పెట్టాం గానీ ఇంట్లో అందరూ అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తున్నారు. ఎలా?

జవాబు: ఇది మా ఇంట్లోనూ జరిగింది. ఒకసారి నాన్నగారు బల్బు వెలగట్లేదని స్విచ్ టకటకా ఐదారుసార్లు వేసి తీశారు, బల్బు మిణుకు మిణుకుమని రీసెట్ అయిపోయింది, ఆ రాత్రి స్టూలెక్కి మళ్లీ జత చేసుకున్నాను. చాలా బల్బులకి రీసెట్ పద్ధతే అది. స్విచ్ ఆగితే బల్బు హబ్‌కి అందదు, దాని ద్వారా సిగ్నల్ తీసుకునే సెన్సర్లు కూడా తెగిపోతాయి.

స్విచ్ పక్కన బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ బటన్ ఒకటి అతికించి, అసలు స్విచ్ మీద మూత పెట్టండి. చెయ్యి వెళ్లే చోటే బటన్ ఉంటే ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. స్మార్ట్ బల్బుని పాత డిమ్మర్ రెగ్యులేటర్‌కి కలపొద్దు, మిణుకుతుంది, తొందరగా పాడవుతుంది. కరెంటు పోయి వస్తే అర్ధరాత్రి బల్బులన్నీ వెలగకుండా ‘పవర్ ఆన్’ సెట్టింగులో ‘మునుపటి స్థితి’ పెట్టుకోండి, అన్ని బల్బులకీ ఇది ఉండదు, కొనేముందే చూడాలి.

ప్రశ్న: రంగుల బల్బులో తెలుపు వెలుగు నీలంగా, నిర్జీవంగా ఉంది. అన్నీ ఇంతేనా?

జవాబు: కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెలుపు పుట్టించే చౌక బల్బుల్లో ఇలా ఉంటుంది. తెలుపుకి విడిగా వెచ్చటి, చల్లటి ఎల్‌ఈడీలు ఉన్నది తీసుకోండి. 2200 నుంచి 6500 కెల్విన్ (అంకె తక్కువైతే వెచ్చటి తెలుపు, ఎక్కువైతే చల్లటి తెలుపు) అని రాసి ఉంటే రెండు వైపులా మంచి పరిధి ఉన్నట్టు. సీఆర్‌ఐ (వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 దరిదాపుల్లో ఉంటే అరచెయ్యి ఆ వెలుగులో పెట్టి చూసినప్పుడు చర్మం రంగు సహజంగా కనిపిస్తుంది. సుమారు 800 ల్యూమెన్లు (వెలుగు కొలత) పాత 60 వాట్ల బల్బుతో సమానం, అయితే ఆ అంకె తెలుపుకే, ముదురు నీలమో ఎరుపో పెడితే వెలుగు బాగా తగ్గుతుంది. చదువుకునే గదికి ఒకటి సరిపోదు.

కొన్నాక అయిదు శాతం వెలుగుకి తగ్గించి చూడండి. రంగు మారినా, ఉన్నట్టుండి ఆరిపోయినా వెంటనే వాపసు ఇచ్చేయండి. మీ హోల్డరు పిన్‌దైతే బీ22, స్క్రూది అయితే ఈ27. నిండా మూసి ఉండే గాజు డోమ్ లోపల పెట్టదలచుకుంటే దానికి అనుమతి ఉందని డబ్బా మీద రాసి ఉండాలి, లేకపోతే వేడికి లోపలి సర్క్యూటు తొందరగా పాడవుతుంది.